బొమ్మలామె కుడిచెయ్యి

పాతగుడ్డను బొంతలో వేసే ముందు ఎండకు ఎత్తి చూడడం నాకు అలవాటు. నూలు ఎక్కడ పలచబడిందో, ఎక్కడ ఇంకా బలముందో అప్పుడు కంటికి తెలుస్తుంది. బలమున్న చోటు పైకి, పలచటి చోటు లోపలికి వేసి కుట్టాలి. ఈ పద్ధతి మా అమ్మ నేర్పింది కాదు, మా అత్త అసలే కాదు. ఊరూరూ తిరిగి తోలుబొమ్మలాడించే ఒకామె చేస్తుంటే చూసి నేర్చుకున్నాను.

మొన్న అట్లా ఒక పంచెను ఎత్తి చూస్తుంటే మా మనవరాలు వచ్చి దాన్ని నా చేతిలో నుంచి తీసుకుంది.

"అవ్వా, దీనికి నాలుగు చిల్లులుండాయి. నువ్వు యా గుడ్డనన్నా చిల్లుతో పెట్టుకుంటావా? దీన్ని యాల కుట్టలేదు?"

"ఆడ పెట్టు దాన్ని," అన్నాను. గట్టిగానే అని ఉంటాను. పిల్ల మూతి ముడుచుకుని లోపలికి పోయింది.

బొమ్మలామె ఎప్పుడో చనిపోయిందని నాకు పోయిన నెలలోనే తెలిసింది. ధర్మవరం నుంచి చీరల మూటతో వచ్చేటాయన, బేరం మధ్యలో, వాళ్ల ఊరి పక్క సంగతులు చెబుతూ చెప్పాడు. నాకు ఏడుపు రాలేదు. ఒక్కటే అనిపించింది, అంత మనిషి పేరు నేనెప్పుడూ అడగలేదే అని. ఊరంతా బొమ్మలామె అన్నారు. నేను అక్కా అన్నాను. దాంతోనే అప్పటికి పని జరిగిపోయింది.

ఆమె ఏది చేతికిచ్చినా ముందు వెలుతురుకు ఎత్తేది. తమలపాకు ఇస్తే ఎండకు పట్టి ఈనెలన్నీ చూసుకుని, అప్పుడు సున్నం రాసేది. చంటిబిడ్డను ఎత్తుకుంటే వాడి చెవి వెనక్కి సూర్యుడు వచ్చేట్టు తిప్పుకుని, ఆ ఎరుపు చూసి నవ్వుకునేది. మా ఇంటికి వచ్చిన మొదటిరోజు నేను పెట్టిన జొన్నరొట్టెను కూడా అట్లాగే ఎత్తింది. నాకు ఒళ్లు మండింది.

"ఏమక్కా, నా రొట్టెలో పురుగులుండాయా?"

"లేదమ్మా. యాడ మందంగా తట్టినావో చూస్తాండా. ఈ పక్క చెయ్యి బరువుగా పడినాది. కోపంలో తట్టినావు."

కోపంలోనే తట్టాను. ఆ పొద్దున మా ఇంటాయన నన్నొక్క మాట అడగకుండా మా కొట్టాన్ని ఆమెకు విడిదిగా ఇచ్చాడు. పైగా రెండు పూటలా అన్నం మా ఇంట్లోనే అన్నాడు. అది కరువు ఏడాది. గింజ గింజా చూసుకుని దంచుకునే రోజులు. ఆ రొట్టె తట్టిన చెయ్యి బరువుగా కాక తేలిగ్గా ఎట్లా ఉంటుంది? కానీ రొట్టెను చూసి నా మనసు చెప్పిన మనిషిని అంతకుముందు నేను చూడలేదు. ఆ రోజు నుంచి ఆమె ఏం చేస్తుందా అని పని మధ్యలో కూడా తొంగిచూడడం మొదలుపెట్టాను. పొయ్యి మీద పప్పు అడుగంటిన రోజులు కూడా ఉన్నాయి. అవి ఇక్కడ రాయను.

ఆమె మా ఊరికి రావడానికి కారణం బడి గోడ. మా ఊరు బెళుగుప్పకు పడమర, రాళ్లూ వేరుశనగా తప్ప వేరే ఏమీ లేని చోటు. బడికి కొత్తగా వచ్చిన అయ్యవారు గుత్తి మనిషి. కొండ మీద కోటను చూస్తూ పెరిగినాయన. మా ఊళ్లో చూపించడానికి ఏమీ లేకపోవడం ఆయనకు నచ్చలేదేమో, ఒకరోజు పెద్దమనుషులను కూర్చోబెట్టి, "కోట లేకుంటే ఊరికి కత లేదా? మీ పెద్దోళ్ల కత బడి గోడ మీద గీయిద్దాం. పిల్లలు చూసి నేర్చుకుంటారు," అన్నాడు. వాన లేదు, సేద్యం లేదు, అందరికీ చేతులు ఖాళీగా ఉన్నాయి. సరేనన్నారు. గీయడానికి ఆమెను పిలిపించారు. ఇంటికొక వస్తువు, ఇంటికొక కత ఇవ్వాలని తీర్మానం. ఒకరు సున్నం, ఒకరు తుమ్మబంక, ఒకరు ఎర్రమన్ను, ఒకరు బట్టలకు పెట్టే నీలిమందు. నేను పొయ్యి మీది మసి ఇచ్చాను. ఎట్లాగూ గీకి పారేసేదే.

గోడ మా ఇంటికి ఎదురుగానే. గడపలో కూర్చుంటే మొత్తం కనపడుతుంది.

కతలు చెప్పడానికి మనుషులు వరుసగా వచ్చేవాళ్లు. ఆమె కళ్లు మూసుకుని వినేది. అంతా విన్నాక ఒక్క ప్రశ్న అడిగేది, అది ఎవరూ అనుకోని ప్రశ్న అయి ఉండేది. పంచాయతీ ప్రెసిడెంటు వచ్చి, వాళ్ల తాత పెద్దకరువులో పాతర తెరిచి ఊరికంతా జొన్నలు పంచిన కత అరపూట చెప్పాడు. ఆమె అంతా విని, "నడిచేటప్పుడు ఆయన చెప్పులు కిర్రుమనేటివా సామీ?" అంది.

ప్రెసిడెంటు బిక్కమొగం వేశాడు. "దానికీ బొమ్మకూ ఏం సంబంధమ్మే?"

"కిర్రుమనే చెప్పులోడు ఛాతీ ముందుకు పెట్టి నడుస్తాడు. కిర్రుమననోడు తల వంచుకుని నడుస్తాడు. నేను ఎవర్ని గీయాల?"

ఆయన తన చెప్పుల వైపు చూసుకుని, "మా తాతకు చెప్పులు లేవు," అన్నాడు. అది ఆయన అంతవరకు ఎవరికీ చెప్పని సంగతి.

ఆమె కుంచె ఒక ఈతపుల్ల. కొన నమిలి పీచు చేసుకునేది. గీస్తున్నంతసేపూ ఎవరి బొమ్మ గీస్తే వాళ్ల గొంతులో మాట్లాడుతూ ఉండేది. మంత్రసాని బొమ్మ దగ్గర, చనిపోయిన ఆ మంత్రసాని గొంతే వచ్చేసరికి, నీళ్లబిందెతో పోతున్న ఒకామె హడలిపోయి బిందె అక్కడే దించేసి ఇంటికి పరిగెత్తింది. బొమ్మలన్నీ పక్కకు తిరిగి ఉంటాయి, ఒక్క కన్నే కనపడుతుంది. నాకు అది కొరతగా తోచి అడిగాను.

"రెండో కన్నేదక్కా?"

"అవతలి పక్కన ఉండాది. దాన్ని యాడికి పోనిస్తాను?"

ఆ వయసులో అంత ఎండలో నిచ్చెన ఎక్కి దిగుతుంటే చూడలేక ఒకరోజు మజ్జిగ తీసుకుపోయాను. నీళ్ల మజ్జిగే. "ఇంత కష్టం నీకేలక్కా? ఇంట్లో కూర్చోరాదా?" అన్నాను.

ఆమె మజ్జిగ గ్లాసును కూడా ఎండకు ఎత్తి చూసి, నా వైపు చూసి, తాగింది. తర్వాత చెప్పింది. "తోలుబొమ్మ ఎంత బాగా చేసినా బుట్టలో మడిచిపెట్టేదే కదమ్మా. ఎలుక కొరికితే ఒక్కపూటలో పోతాది. డేరా సినిమా వచ్చినంక మా ఆట అడిగేటోళ్లే లేరు. బుట్ట విప్పి రెండేండ్లాయ. నా చేతి గీత ఒకచోట నిలబడి, పగటిపూట, పొయ్యేటోళ్లకూ వచ్చేటోళ్లకూ కనపడేది ఇదొక్కటే. ఇది నిలిస్తే చాలు నాకు."

అంత ఆశ పెట్టుకున్న గోడకే గండం వచ్చింది.

మొదట ఆమె గోడకు కుడి సగం గీసింది. చెప్పులు లేని తాత, మంత్రసాని, బావి తవ్వినవాళ్లు, గొంగడి కప్పుకున్న గొర్రెలాయన. అందరూ ఎడమకు చూస్తూ వరుసగా నిలబడ్డారు. ఊరంతా మెచ్చుకుంది. తర్వాత ఎడమ సగం మొదలుపెట్టింది. అక్కడ కరువు నిలబడింది. బోర్లించిన కుండ నెత్తిన పెట్టుకుని, ఎండిన చెరువులాగా ఛాతీ పగుళ్లిచ్చి, పొడుగాటి చేతులతో. దాని వెనక ఎర్ర గొంగళిపురుగుల దండు, కలరా, పాతకాలం దొంగలు.

కరువుకు కన్ను పెట్టిన పొద్దున మా ఊళ్లో గొర్రెలు కాసే ముసలాయన, మా అందరి గొర్రెల తాత, వచ్చాడు. చుట్టుపక్కల ఎక్కడ తోలుబొమ్మలాట జరిగినా మంద వదిలేసి పోయి ముందు వరుసలో కూర్చునే మనిషి. గోడను పైకీ కిందికీ చూశాడు. కట్టె మీద గడ్డం ఆనించాడు.

"ఏమప్పా! కరువు దేవుళ్ల పక్క నుంచి వస్తాండాదే! మనోళ్లంతా రాక్షసుల పక్క నిలబడినారే!"

అప్పుడు అందరికీ కళ్లు తెరుచుకున్నాయి. నాకూ. మేము పుట్టినప్పటి నుంచి చూసిన ఆటలో దేవుళ్లు మా ఎడమచేతి వైపు నుంచి వస్తారు, రాక్షసులు మా కుడిచేతి వైపు నుంచి. చిన్నపిల్లకు కూడా తెలుసు ఆ సంగతి. బొమ్మ రాకముందే కుడి పక్క తెర కదిలిందంటే పిల్లలు భయంతో మూలిగేవాళ్లు.

మధ్యాహ్నానికి ప్రెసిడెంటు వచ్చాడు. మొహం గంటు పెట్టుకున్నాడు.

"పాతర తెరిచినోన్ని రాక్షసుని జాగాలో నిలబెడతావా? పాతర ఖాళీ చేసిందాన్ని దేవుని జాగాలో పెడతావా? మా ఊరిని ఎగతాళి చేసేకి వచ్చినావా నువ్వు?"

ఆమె నిచ్చెన మీదనే ఉంది. "మంచోళ్లు యా పక్క ఉంటారో నాకు తెలీదా సామీ? కుడిచేతి పక్క. మా నాయన సచ్చేదాకా అదే చెప్పినాడు. నేను పదేండ్ల పిల్లనప్పటి నుంచి అట్లనే ఆడించినాను."

"అబద్ధం! మేం కండ్లారా చూస్తాండాం కదా, ఎడమ పక్కనే!" అన్నాడు గొర్రెల తాత.

"మా నాయన మీద ఒట్టు. కుడి పక్కనే."

"నా మంద మీద ఒట్టు. ఎడమ పక్కనే."

అయ్యవారు మధ్యలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ప్రారంభానికి బ్లాకు ఆఫీసరు వస్తాడు, మూడు రోజులే ఉంది. రంగులు అయిపోయాయి, మళ్లీ గీయడానికి మసి కూడా లేదు. ప్రెసిడెంటు తేల్చేశాడు. "ఎల్లుండి పొద్దున సున్నం కొట్టేస్తాం. ఏమీ లేని గోడే మేలు."

ఆమె నిచ్చెన దిగింది. ఈతపుల్ల కడుక్కుంది. ఆ సాయంత్రం సంగటి ముద్దను వెలుతురుకు ఎత్తలేదు. చూడకుండానే తినేసింది.

నా చదువు మూడో తరగతితో ఆగింది. కానీ ఇద్దరు మనుషులు ఒట్టు పెట్టి చెబుతుంటే, ఇద్దరూ అబద్ధమాడే మనుషులు కానప్పుడు, లెక్క ఎక్కడో తప్పిందని తెలియడానికి ఆ మాత్రం చదువు చాలు. మరుసటి రోజు పొద్దునంతా అదే నా బుర్రలో తిరిగింది. పూల చీర ఉతికి దండెం మీద ఆరేస్తున్నాను. ఇవతల నుంచి చూస్తే పూలతీగ కుడికి వంగి ఉంది. గాలికి ఎగిరిన చెంగు పట్టుకోవడానికి దండెం కిందుగా అవతలికి పోయాను. అక్కడి నుంచి అదే తీగ ఎడమకు వంగింది. తడిచీర పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

కొట్టంలోకి పోయి అడిగాను. "అక్కా, నువ్వెప్పుడన్నా ముందు కూర్చుని ఆట చూసినావా?"

"ముందు కూర్చుంటే బొమ్మకు గొంతెవరిస్తారమ్మా?"

"చిన్నప్పుడు? కడుపుతో ఉన్నప్పుడు? జ్వరమొచ్చినప్పుడన్నా?"

"జ్వరమొస్తే తెర ఎనకాలే పండుకున్నాను. నన్ను కన్నది తెర ఎనకాల, పెంచింది ఆడే. నేను ముందుకు యాడ పోయినాను?"

అరవై ఏళ్లు ఆటాడించిన మనిషి ఒక్కసారి కూడా ఆట చూడలేదు.

"బుట్ట విప్పు," అన్నాను.

మా కొట్టానికి పడమటి వాకిలి ఒక్కటే. మూడు గంటలకు ఎండ నేరుగా దాని మీద పడుతుంది. నూనె ఖర్చు పెట్టి దీపం పెట్టే పని లేదు. మా ఇంటాయనది ఉతికిన పంచె ఒకటి తెచ్చి వాకిలికి అడ్డంగా బిగించి కట్టాను. ఆమెను లోపల చీకట్లో గోడకు ఆనించి కూర్చోబెట్టాను. బయట నిలబడి, ఆమె చెప్పినట్టే కుడిచేతి వైపు ఒక దేవుణ్ణి, ఎడమచేతి వైపు ఒక రాక్షసుణ్ణి పంచెకు ఆనించి, వాళ్ల పద్ధతి ప్రకారం తుమ్మముళ్లతో గుచ్చాను. బొమ్మకు రెండు ముళ్లు. గుడ్డ చిరుగుతుందేమోనని ప్రాణం విలవిల్లాడింది, అయినా గుచ్చాను. తర్వాత నా నీడ పడకుండా పక్కకు జరిగి, పంచె కింద నుంచి వంగి లోపలికి పోయి ఆమె పక్కన కూర్చున్నాను.

ఆమె చెయ్యి నోటికి పోయింది. తీయలేదు.

ఎరుపూ పచ్చా పంచె అంతా పాకి ఉన్నాయి. కిరీటంలో పొడిచిన సన్న బెజ్జాల్లో నుంచి ఎండ చుక్కలు చుక్కలుగా వస్తోంది. ఆమె కిరీటం దగ్గరకు జరిగి వంగి చూసింది.

"రంగు ఇంత పారుతాదా! ఈ దేవున్ని మా నాయన చేసినాడు. ఈ బెజ్జాలు ఇన్ని యాల పొడిచినాడో, కండ్లు పొయ్యేదాకా యాల పొడిచినాడో, ఇప్పుడు తెలుస్తాండాది. ఆయన కూడా చూడలేదు చెల్లీ. ఆయన కూడా ఎనకాలే కూర్చున్నాడు."

నన్ను చెల్లీ అన్నది అదే మొదలు.

తర్వాత తన కుడిచెయ్యి ఎత్తి చూసుకుంది. దేవుడు ఆమె ఎడమకు ఉన్నాడు. మళ్లీ చూసుకుంది. నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది, నీళ్లు తాగించాల్సి వచ్చింది. "అరవై ఏండ్లు! మీ అందరికీ ఎడమ చూపించి కుడి అనుకున్నానే!"

"నవ్వు తర్వాత. రేపు సున్నం కొడతారు. ఏం చేస్తావు?"

ఆమె పంచెనే చూస్తూ కూర్చుంది. ఎండ దిగిపోయి బొమ్మలు నల్లబడేదాకా.

పొద్దున ప్రెసిడెంటు ఇద్దరు మనుషులతో వచ్చాడు. తొట్టిలో సున్నపురాళ్లు వేసి నీళ్లు పోశారు. బుసబుసమని ఉడకడం మొదలైంది. చూడడానికి ఊరు మూగింది. ఆమె నిచ్చెనను గోడ నడిమికి జరుపుకుంటూ అడిగింది. "సున్నం చల్లారేదాకా ఆగుతారు కదా సామీ? అంతవరకు నా పని నేను చేసుకుంటా."

"చేసుకో. ఎట్లన్నా పొయ్యేదే."

నా దగ్గర మళ్లీ మసి అడిగింది. పెనం వెనక ఉన్నదంతా గీకి ఇచ్చాను. పిడికెడు పసుపు అడిగింది. ఇచ్చాను. కరువులో పిడికెడు పసుపంటే మాటలు కాదు, అయినా ఇచ్చాను. గోడ నడిమిన, పై భాగంలో, అటు మా పెద్దలకూ ఇటు కరువుకూ మధ్య ఖాళీ ఉంది. అక్కడ మసితో తాడు గీసింది. తాడుకు వేలాడుతున్న పెద్ద దీపం గీసింది. తర్వాత కిందికి దిగి, వాళ్ల తొట్టిలోనే అంచున ఆరిన సున్నం ఇంత తీసుకుని పసుపులో కలిపింది. ఎర్రగా మండింది. దానితో వత్తికి మంట పెట్టింది.

"దీపం గీస్తే తప్పు ఒప్పయితాదా?" అన్నాడు ప్రెసిడెంటు.

ఆమె నిచ్చెన మీద నుంచే గొర్రెల తాతను పిలిచింది. "తాతా, ఆటలో దీపం యాడుంటాది?"

"తెర ఎనక."

"ముందు కూర్చున్నోనికి కనపడతాదా?"

"యాడ కనపడతాది? తెర అడ్డం ఉంటాది కదా."

"మరి ఇప్పుడు నీకు కనపడతాండాదా?"

తాత దీపాన్ని చూశాడు. కట్టె ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. అటు పక్కనున్నవాళ్లను, ఇటు పక్కనున్నవాళ్లను చూశాడు. ఎక్కడున్నామో అని చూసుకున్నట్టు.

"అబ్బా," అన్నాడు మెల్లగా. "మనం ఎనకాల ఉండామప్పా. తెర ఎనకాల."

"మీ తాత యా చేతి పక్క ఉండాడు సామీ?" అంది ఆమె.

ప్రెసిడెంటు కుడిచెయ్యి పంచె మీద నుంచి కొంచెం లేచింది, తనకు తెలియకుండానే. ఆ చేతికి నేరుగా, గోడ మీద, చెప్పులు లేని తాత నిలబడి ఉన్నాడు.

"మీ ఊరి కత మీరు ముందు కూర్చుని చూసేదేంది?" అని ఆమె నిచ్చెన దిగింది. "మీరే కదా ఆడించాల."

ప్రెసిడెంటు తొట్టిలోకి చూశాడు. సున్నం చల్లారి తెల్లగా నిలిచి ఉంది. "ముసల్ది మాటకారి," అన్నాడు. "ఆ సున్నం లోపలి గదులకు కొట్టండి. పారేసేదేల?" ఆ మాట ఒక్కటి ఆయన నోటి నుంచి నాకు నచ్చింది. రెండు చెంబులు మిగిలితే నేను తెచ్చుకుని మా వంటింటికి కొట్టాను.

ఆమె ప్రారంభానికి కూడా ఆగలేదు. బుట్ట నెత్తిన పెట్టుకుని, పోయే ముందు రోడ్డు మీద నిలబడి గోడను ఒకసారి మొత్తం చూసింది. నేను కట్టిచ్చిన రొట్టెల మూట విప్పి, పై రొట్టెను ఎండకు ఎత్తింది.

"ఈ రోజు చెయ్యి తేలిగ్గా పడినాదే," అంది. అంతే. మళ్లీ రాలేదు.

మా ఊళ్లో వానలు తక్కువ కాబట్టి గోడ మీది రంగులు నిలిచాయి. గొంగళిపురుగులు మాత్రం సగం రాలిపోయాయి. పసుపు ఎండకు నిలవదు. ఏడాదికి మంట వెలిసిపోతుంది. ఉగాదికి ముందు ఇంత పసుపు, ఇంత సున్నం కలిపి నేనే పోయి దిద్దుతాను. నన్నెవరూ అడగలేదు. ఎందుకని కూడా ఎవరూ అడగలేదు. ఈ ఏడు మోకాళ్లు నిచ్చెన ఎక్కనివ్వకపోతే మా మనవరాలిని ఎక్కించాను. దాని చెయ్యి నాకంటే నయం.

మొన్న మూతి ముడుచుకుని పోయిన ఆ పిల్లే అదే సాయంత్రం మళ్లీ వచ్చి, ఆ పంచె, సూదీ దారం పట్టుకుని నిలబడింది. "నేను కుట్టిస్తాలే అవ్వా, నాలుగు చిల్లులే కదా."

పంచెను దాని చేతుల్లో నుంచి తీసుకున్నాను. పిల్లను కొట్టం వాకిలి దగ్గరకు తీసుకుపోయి, పంచెను పడమటి ఎండకు ఎత్తి పట్టాను. నాలుగు చిల్లుల్లో నుంచి నాలుగు చుక్కలు పిల్ల మొహం మీద పడ్డాయి. అప్పుడు బొమ్మలామె సంగతంతా చెప్పాను.

తర్వాత పంచెను మడిచి పెట్టెలో అడుగున పెట్టేశాను. బొంతకు ఒక గుడ్డ తక్కువైంది. కాళ్ల దగ్గర జానెడు పొట్టిగానే కుట్టాను.